గది గోడల రంగులను పోల్చి ఎంచుకునే పద్ధతి: సమగ్ర మార్గదర్శి

షేడ్ కార్డు మీద ఎంతో ముచ్చటగా కనిపించిన లేత బూడిదరంగు, తీరా నాలుగు గోడలకూ వేయించాక నీలంగానో వంగపండు ఛాయలోనో తేలడం చాలామందికి ఎదురయ్యే అనుభవమే. ఇందులో రంగు కలిపినవారి తప్పు గానీ, వేసినవారి తప్పు గానీ సాధారణంగా ఉండదు. దుకాణపు దీపాల కింద, పక్కనే ఉన్న వందలాది రంగుల మధ్య, చిన్న కాగితపు ముక్క మీద చూసినదానికీ, మన గది వెలుతురులో నిలబడి చూసే గోడకూ పొంతన కుదరకపోవడం సహజం. అందువల్ల పోల్చడమనే పనిని మొదటే రెండుగా విడదీసుకోవాలి. రెండు రంగులకు మధ్య తేడా ఏమిటో తెలుసుకోవడం ఒక పని. అందుకు వాటిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక రంగు ఆ గదిలో ఎలా ఒదుగుతుందో తెలుసుకోవడం వేరే పని. అందుకు దానిని ఒంటరిగా చూడాలి. మొదటిది ముగించి రెండోది కూడా అయిపోయిందనుకోవడం వల్లనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. కింది మెట్లన్నీ ఈ విభజనను అనుసరించే ఉంటాయి.

మొదటి మెట్టు: ముందుగా గది వెలుతురును గమనించండి

మన కంటికి చేరేది గదిలోకి వచ్చిన వెలుతురులో గోడ తిరిగి పంపిన భాగం మాత్రమే. వచ్చే వెలుతురు మారితే గోడ రంగూ మారినట్టే కనిపిస్తుంది. కాబట్టి షేడ్ కార్డు తెరవకముందే, గదికి ఏ దిక్కున కిటికీలు ఉన్నాయో, ఏ వేళలో ఏ గోడ మీద ఎండ పడుతుందో ఒకటి రెండు రోజులు గమనించి రాసిపెట్టుకోవాలి. భూమధ్యరేఖకు బాగా ఉత్తరాన ఉన్న ప్రాంతాలలో, ఉత్తరం వైపు మాత్రమే కిటికీలున్న గదికి నేరుగా ఎండ రావడం అరుదు. అక్కడికి వచ్చేది ఆకాశం నుంచి దిగే, కొంచెం నీలి ఛాయ ఉన్న వెలుతురు. ఇటువంటి గదిలో లేత బూడిదరంగులు మరింత చల్లగా, కొన్నిసార్లు నీరసంగా కనిపిస్తాయి. దక్షిణార్ధగోళంలో ఈ లెక్క తారుమారై, దక్షిణపు కిటికీలే చల్లని వెలుతురును ఇస్తాయి. తూర్పు కిటికీ గది ఉదయం పసుపు ఛాయలో వెలిగి మధ్యాహ్నానికి చల్లబడుతుంది. పడమటి కిటికీ గదిలో సాయంత్రపు ఎండ నారింజ ఛాయను తెస్తుంది. అందుచేత పడమటి గదికి పొద్దుటిపూట నచ్చిన మీగడ రంగు, సాయంత్రం ఐదు గంటలకు పండు పసుపులా కనిపించినా ఆశ్చర్యపోనక్కరలేదు.

కిటికీ బయట ఏముందో కూడా చూడాలి. ఎదురుగా దట్టమైన చెట్టు ఉంటే దాని ఆకుల మీద నుంచి వచ్చే వెలుతురులో ఆకుపచ్చ కలుస్తుంది. ఎదుటి ఇంటి ఇటుకరంగు గోడ మీద ఎండ పడితే ఆ ఎరుపు మన గదిలోకి వస్తుంది. పగలంతా మూసి ఉంచే పరదాలు కూడా వెలుతురుకు తమ రంగును పూస్తాయి. పరదాలు మార్చే ఉద్దేశం ఉంటే కొత్తవి కట్టిన తర్వాతే రంగుల సంగతి చూడటం మేలు.

ఇక రాత్రి దీపాలు. ఎల్‌ఈడీ బల్బుల పెట్టె మీద కెల్విన్లలో ఒక అంకె ఉంటుంది. 2700 నుంచి 3000 వరకు ఉన్నవి పసుపు కలిసిన వెచ్చని తెలుపును, 4000 దగ్గరివి మధ్యస్థమైన తెలుపును, 6500 దగ్గరివి నీలి ఛాయ తెలుపును ఇస్తాయి. అదే పెట్టె మీద సి.ఆర్.ఐ. అనే మరో అంకె కూడా కనిపించవచ్చు. ఆ దీపం కింద వస్తువుల రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో తెలిపే కొలత అది, దాని గరిష్ఠ విలువ 100. సాధారణంగా ఆ అంకెను ఓ మోస్తరు గాఢత ఉన్న 8 రంగుల ఆధారంగానే లెక్కగడతారు గనుక, 80 ఉన్న బల్బు కింద కూడా ముదురు ఎరుపులు కళ తప్పవచ్చు. 90 లేదా అంతకు మించి ఉన్నవి దొరికితే అవే తీసుకోవడం మంచిది. ముఖ్యమైన విషయమేమిటంటే, బల్బులు మార్చాలనుకుంటే రంగు ఎంచుకోవడానికి ముందే మార్చాలి. గోడకు రంగు వేయించాక బల్బు రకం మార్చడమంటే, చూసి చూసి ఎంచుకున్న రంగును వదిలేసి, ఎన్నడూ చూడని రంగును తెచ్చుకోవడమే.

రెండవ మెట్టు: మారని వాటిని లెక్కలోకి తీసుకోండి

గది రంగును నిర్ణయించేవి గోడలొక్కటే కావు. గచ్చు, తలుపులు, గుమ్మాలు, కిటికీ చట్రాలు, గోడలోకి కట్టిన అలమారాలు, పెద్ద సోఫా వంటివి ఎలాగూ మార్చరు గనుక కొత్త రంగు వాటితోనే సర్దుకుపోవాలి. వీటిలో గచ్చుకు ఉన్న పలుకుబడి మరి దేనికీ లేదు. కిటికీ నుంచి వచ్చే వెలుతురులో పెద్ద భాగం ముందు నేల మీద పడి, అక్కడి నుంచి గోడల కింది భాగాలకూ సీలింగుకూ ఎగసిపోతుంది. ఎర్రని గచ్చున్న గదిలో తెల్లని గోడ మోకాలి ఎత్తు వరకు గులాబీ ఛాయలో కనిపించడానికి కారణం ఇదే.

ఒక్కో వస్తువు రంగు గోధుమ వైపు మొగ్గుతోందా, ఎరుపు వైపా, ఆకుపచ్చ వైపా అన్నది రెండు మాటల్లో రాసుకుంటే చాలు. గచ్చు పలకల్లో మిగిలిన ముక్క, సోఫా గుడ్డ చిన్న తునక ఉంటే ఒక సంచిలో వేసి దగ్గర ఉంచుకోండి. దుకాణంలో అవి జ్ఞాపకశక్తి కంటే ఎంతో మెరుగ్గా అక్కరకొస్తాయి, ఎందుకంటే రంగును కచ్చితంగా గుర్తుంచుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

మూడవ మెట్టు: షేడ్ కార్డుతో వడపోత మాత్రమే చేయండి

షేడ్ కార్డు నిర్ణయానికి పనికిరాదు గానీ వడపోతకు చక్కగా పనికొస్తుంది. వందల రంగుల్లోంచి నాలుగైదింటికి దిగడానికి, 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికా చిత్రకళా ఉపాధ్యాయుడు ఆల్బర్ట్ మన్సెల్ రూపొందించిన విభజన ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ఏ రంగునైనా మూడు ప్రశ్నలతో వర్ణించవచ్చు: అది ఏ ఛాయ, ఎంత లేత లేదా ముదురు, ఎంత గాఢం (అంటే బూడిద పాలు ఎంత తక్కువ). గోడ రంగుల విషయంలో జనం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయి, నీలమా ఆకుపచ్చా అని తర్జనభర్జన పడతారు. గదిలో తేడా తెచ్చేవి ఎక్కువగా మిగతా రెండు ప్రశ్నలు. ముఖ్యంగా గాఢతను తక్కువగా అంచనా వేయడం సర్వసాధారణం. కార్డు మీద సరిగ్గా ఉందనిపించిన రంగు గోడ మీద దాదాపు ఎప్పుడూ ఎక్కువ గాఢంగా కనిపిస్తుంది కాబట్టి, నచ్చినదానితో పాటు దాని కంటే బూడిద పాలు ఎక్కువగా ఉన్న మరొక దానిని కూడా జాబితాలో చేర్చండి.

లేత, ముదురుల సంగతి తేల్చడానికి ఎల్‌ఆర్‌వి అనే అంకె తోడ్పడుతుంది. చాలా కంపెనీలు దీనిని కార్డు వెనుక లేదా తమ వెబ్‌సైట్లో ఇస్తాయి. తన మీద పడిన వెలుతురులో ఆ రంగు ఎంత శాతం తిరిగి పంపుతుందో అది చెబుతుంది; పూర్తి నలుపుకు 0, పూర్తి తెలుపుకు 100. గోడలకు వాడే తెలుపులు సాధారణంగా 80కి పైన ఉంటాయి. రెండు కంపెనీల రంగులను పోల్చేటప్పుడు పేర్లను పట్టించుకోవద్దు, ఈ అంకెను చూడండి. ఇంట్లో చూపు తగ్గిన పెద్దవారు ఉంటే దీనికి మరో ప్రయోజనం కూడా ఉంది: గోడ నుంచి తలుపును, నేలను వేరుగా గుర్తించడానికి వాటి ఎల్‌ఆర్‌విల మధ్య 30 పాయింట్ల తేడా ఉండాలని బ్రిటన్‌లోని భవన మార్గదర్శకాలు సూచిస్తాయి. అయితే చీకటి గదికి ఎల్‌ఆర్‌వి ఎక్కువున్న తెలుపు వేస్తే గది వెలిగిపోతుందనుకోవడం సరికాదు. తిరిగి పంపడానికి వెలుతురే రాని చోట తెలుపు మురికి బూడిదలా కనిపిస్తుంది. అటువంటి చోట ఓ మోస్తరు గాఢత ఉన్న రంగే నిండుగా ఉంటుందని నా అభిప్రాయం.

ఒకే పట్టీ మీద లేత నుంచి ముదురు దాకా వరుసగా ముద్రించిన కార్డుల్లో, పైనున్న లేత రంగులో దాగిన ఛాయ ఏమిటో అడుగునున్న ముదురు రంగు చాలాసార్లు బయటపెడుతుంది. తెలుపులా అనిపించేది అడుగుకు వచ్చేసరికి ఆకుపచ్చగా తేలితే, గోడ మీద ఆ ఆకుపచ్చ ఎప్పుడో ఒకప్పుడు తొంగిచూస్తుంది. అన్ని కంపెనీల పట్టీలూ ఒకే వర్ణకాలతో తయారవవు కాబట్టి దీనిని సూచనగానే తీసుకోవాలి.

ఫోన్ తెర మీద గోడకు రంగులు మార్చి చూపించే యాప్‌ల గురించి ఒక మాట. కెమెరా తనంతట తాను తెలుపును సరిదిద్దుకుంటుంది, ఒక్కో తెర ఒక్కో విధంగా రంగును చూపుతుంది. ఏ గోడకు ముదురు రంగు వేస్తే బాగుంటుంది అన్నది తేల్చుకోవడానికి అవి పనికొస్తాయి. ఏ ముదురు రంగు అన్నది తేల్చడానికి పనికిరావు.

నాలుగవ మెట్టు: పెద్ద నమూనా పలకలు తయారుచేయండి

రంగు కొలతలకు ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ సి.ఐ.ఇ. ‘ప్రామాణిక పరిశీలకులను’, అంటే సగటు మనిషి కన్ను రంగును ఎలా చూస్తుందో చెప్పే లెక్కలను, రెండింటిని నిర్వచించింది. 1931 నాటి పరిశీలకుడు 2 డిగ్రీల చూపుకు, అంటే చేయి చాచి పట్టుకున్న బొటనవేలి వెడల్పుకు సరిపోతాడు. 1964 నాటివాడు 10 డిగ్రీలకు, అంటే అంతే దూరాన ఉన్న పిడికిలికి సరిపోతాడు. చూసే మేర పెరిగితే కంటికి అందే రంగు కూడా కొద్దిగా మారుతుంది కాబట్టే రెండోది అవసరమైంది. కార్డు మీది ముక్క మొదటి దానికి దగ్గర, గోడ రెండోదాన్ని కూడా దాటిపోతుంది. అందుకని నమూనా కనీసం 60 సెంటీమీటర్ల పొడవు వెడల్పులతో ఉండాలి.

నేరుగా గోడ మీదే వేసి చూడటం సులువుగా అనిపిస్తుంది గానీ అందులో మూడు చిక్కులున్నాయి. చుట్టూ ఉన్న పాత రంగు కొత్తదాని రూపాన్ని మార్చేస్తుంది. ఒకచోట వేసినదాన్ని మరో గోడకు జరపలేం. ఆ ముక్క అంచుల్లో మిగిలిన గట్టును గరుకు కాగితంతో రుద్దకుండా పైన రంగు వేస్తే, ఆ గీత కొత్త కోటు కింద నుంచి కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి మందపాటి తెల్లని అట్టను గానీ తేలికైన ఫోమ్ బోర్డును గానీ తీసుకోండి. అట్ట తడిని పీల్చేదైతే ముందు ఒక కోటు ప్రైమర్ వేయాలి. తర్వాత ఎంచుకున్న రంగును, చిన్న రోలర్‌తో, డబ్బా మీద చెప్పిన వ్యవధి ఇస్తూ రెండు కోట్లు వేయండి. బ్రష్ కంటే రోలర్ మేలు. గోడ మీద రాబోయే సన్నని గరుకుదనం పలక మీదా ఉంటేనే నీడలు, మెరుపు ఒకేలా ఉంటాయి. అంచుల దాకా రంగు నింపాలి. చుట్టూ తెల్లని అంచు వదిలితే ఆ తెలుపు పక్కన రంగు ఉన్నదానికంటే ముదురుగా తోస్తుంది.

పలక వెనుక కంపెనీ పేరు, రంగు కోడు, మెరుపు రకం, వేసిన కోట్ల సంఖ్య రాయండి. పలకలు నాలుగైనప్పుడు ఏది ఏదో గుర్తుంటుందనుకోవద్దు. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు అందులోని జిగురు పదార్థం పాలలా ఉండటం వల్ల రంగు లేతగా కనిపించి, ఆరాక కొంత ముదురుతుంది. అందుకే ఒక రోజంతా ఆరనిచ్చిన తర్వాతే చూడటం మొదలుపెట్టాలి.

ఐదవ మెట్టు: పక్కపక్కన పెట్టి లోపలి ఛాయను కనిపెట్టండి

ఇప్పుడు మొదటి రకం పోలిక. పగటిపూట, ఎండ నేరుగా పడని చోట, రెండేసి పలకలను అంచులు తాకేటట్టు నిలబెట్టి చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు ఉత్త బూడిదగా అనిపించిన రంగు, మరో బూడిద పక్కకు రాగానే ఆకుపచ్చగానో నీలంగానో గోధుమగానో బయటపడుతుంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాని తేడాను మరొకటి పెంచి చూపుతాయి. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కర్మాగారంలో అద్దకం విభాగాన్ని నడిపిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రూల్ ఈ సంగతిని లోతుగా పరిశీలించి 1839లో ప్రచురించాడు. నలుపు నూలు సరిగా లేదని వచ్చిన ఫిర్యాదును విచారించిన ఆయన, అద్దకంలో లోపమేమీ లేదని, ఆ నలుపు పక్కన అల్లిన నీలం, ఊదా దారాలే దాని రూపాన్ని చెడగొడుతున్నాయని తేల్చాడు. మీ పలకల విషయంలో ఈ గుణం మీకు సాయపడుతుంది, అయితే అతిగా నమ్మవద్దు. రెండు పలకల మధ్య కొట్టొచ్చినట్టు కనిపించే తేడా, నాలుగు గోడలకూ ఒకే రంగు వేశాక పోల్చడానికి రెండోది లేకపోవడంతో, ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. దాని కోసం రాత్రంతా మథనపడనక్కరలేదు.

తెలుపుల విషయం వేరు. వాటి మధ్య తేడా అతి సూక్ష్మం కాబట్టి కొలమానంగా ఒక తెలుపు కావాలి. చేతికి అందింది కదా అని ప్రింటర్ కాగితాన్ని వాడకండి. ఆ కాగితాల్లో తెల్లదనం పెంచడానికి కలిపే పదార్థాలు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని నీలి వెలుగుగా మార్చి పంపుతాయి. దాని పక్కన మంచి తెల్ల రంగు కూడా పాతబడ్డట్టు పసుపుగా కనిపిస్తుంది. తలుపులకు, సీలింగుకు వేయబోయే తెలుపునే ఒక పలక మీద వేసుకుని దానితో పోల్చడం సరైన పద్ధతి, ఎందుకంటే రేపు గోడ పక్కన ఉండేది అదే.

గచ్చు, సోఫా వంటి వాటితో పలకను పోల్చేటప్పుడు చుట్టుపక్కల సందడి కంటిని తప్పుదారి పట్టిస్తుంది. ఇందుకు చిన్న ఉపాయముంది. రంగు లేని బూడిద అట్టలో రూపాయి బిళ్లంత రంధ్రాలు రెండు, నాలుగు వేళ్ల ఎడంలో కోయండి. ఒక రంధ్రం కింద పలక, రెండో దాని కింద గచ్చు ముక్క వచ్చేటట్టు అట్టను పెట్టి, ఒక కన్ను మూసి చూడండి. వస్తువులు మాయమై రెండు రంగు చుక్కలే మిగులుతాయి. ఎంతో లేతదనుకున్న గచ్చు గోడ కంటే ఎంత ముదురో, తటస్థమనుకున్న పలకలో ఎంత గులాబీ ఉందో అప్పుడు తెలుస్తుంది.

ఈ మెట్టు ముగిసేసరికి నాలుగైదు పలకల్లో రెండు మూడింటిని పక్కన పెట్టేయగలగాలి.

ఆరవ మెట్టు: ఒక్కొక్క పలకను ఒంటరిగా గదిలో చూడండి

అన్ని మెట్లలోనూ ఎక్కువ సమయం కేటాయించవలసింది దీనికే. మిగిలిన పలకల్లో ఒక్కదానినే గదిలో ఉంచి, తక్కినవి కంటికి కనబడని చోట దాచేయండి. పలకను నిలువుగా గోడకు ఆనించాలి. బల్ల మీద పడుకోబెట్టినప్పుడు దాని మీద పై నుంచి పడే వెలుతురు, గోడ మీద పక్క నుంచి పడే వెలుతురు ఒకటి కావు. గోడ పాత రంగు గాఢంగా ఉంటే, పలక వెనుక పెద్ద తెల్లని దుప్పటి గానీ లేత బూడిద గుడ్డ గానీ వేలాడదీసి దానిని కప్పేయాలి. లేకపోతే పాత ఆకుపచ్చ గోడ ముందు కొత్త బూడిద పలక ఎర్రబారినట్టు కనిపించి మోసం చేస్తుంది.

మొదట కిటికీ ఎదురు గోడ దగ్గర, తర్వాత పక్క గోడ దగ్గర, చివరికి కిటికీ ఉన్న గోడ దగ్గర పెట్టి చూడండి. ఈ మూడింటిలో కిటికీ ఉన్న గోడను చాలామంది మరిచిపోతారు. ఆ గోడకు తన సొంత కిటికీ వెలుతురు నేరుగా పడదు, పైగా పక్కనే కిటికీ మెరుస్తూ ఉండటంతో కన్ను ఆ మెరుపుకు అలవాటుపడి గోడను మరింత చీకటిగా చూస్తుంది. అదే డబ్బా రంగు అక్కడ ఒక మెట్టు ముదురుగా కనిపించడం ఖాయం. మూడు చోట్లా సమ్మతమైన రంగే గదికి తగిన రంగు. ఒకచోట అద్భుతంగా, మరోచోట అధ్వానంగా ఉన్నదాన్ని వదులుకోవడం మంచిది.

తరువాత పలకను ఒక మూలకు తీసుకువెళ్లండి. వీలైతే అదే రంగుతో రెండో పలక తయారుచేసి, రెండింటినీ మూలలో లంబంగా, పుస్తకం తెరిచినట్టు నిలబెట్టండి. రెండు పలకలు కలిసే చోటు నుంచి ఒక జానెడు దూరం వరకు రంగు గాఢమై, కొంచెం వేరే ఛాయలోకి కూడా జరిగినట్టు కనిపిస్తుంది. లేత పసుపు పలకలైతే ఆ చోటు మామిడిపండు పసుపులోకి దిగుతుంది. కారణం తేలికగానే అర్థమవుతుంది: పసుపు గోడ తన మీద పడిన వెలుతురులోంచి కొంత నీలాన్ని మింగి మిగతాది పంపుతుంది, అది ఎదుటి పసుపు గోడ మీద పడ్డప్పుడు మిగిలిన నీలంలో మరికొంత పోతుంది. నాలుగు గోడల గదిలో వెలుతురు ఇలా అనేకసార్లు అటూ ఇటూ తిరుగుతుంది గనుక, ఒక్క పలక చెప్పలేని గాఢతను మూలలోని రెండు పలకలు ముందుగానే చూపిస్తాయి. గోడ మీద రంగు ఊహించినదానికంటే ఎక్కువైందని అనిపించడానికి ముఖ్య కారణం ఇదే. మూలలో పెట్టినప్పుడు ఎక్కువైందనిపిస్తే, అదే ఛాయలో గాఢత తగ్గిన రంగుకు మారండి. ఊరికే తెలుపు కలిపించి లేతచేస్తే చాలుననుకుంటారు గానీ, తెలుపు కలిసిన గాఢ రంగు ఎక్కువసార్లు మిఠాయి రంగులా తయారవుతుంది. బూడిద పాలు ఉన్న రంగే కుదురుగా ఉంటుంది.

ఇదే పలకను పొద్దున, మధ్యాహ్నం, సూర్యాస్తమయానికి ముందు, దీపాలు వెలిగాక చూడాలి. మబ్బు పట్టిన రోజు కూడా ఒకటి దొరికితే మరీ మంచిది. అయితే అన్ని వేళలకూ సమాన విలువ ఇవ్వనక్కరలేదు. పగలంతా ఎవరూ లేని పడకగదికి మధ్యాహ్నపు రూపంతో పనేముంది? మీరు ఆ గదిలో ఎక్కువగా ఉండే వేళకే ఎక్కువ మార్కులు వేయండి. చూసేటప్పుడు గుమ్మంలో నిలబడి ఒకసారి, మామూలుగా కూర్చునే చోట కూర్చుని ఒకసారి చూడండి. ఒక పలక చూసిన వెంటనే మరో దానికి మారవద్దు. కన్ను ఒక రంగుకు అలవాటుపడినప్పుడు తర్వాత చూసేదానిలో దాని వ్యతిరేక ఛాయను కలిపి చూస్తుంది. ఎర్రని పలకను కాసేపు చూసి తెల్ల గోడ వైపు తిరిగితే ఆకుపచ్చ నీడ కనిపించేది అందుకే. మధ్యలో కాసేపు బయటికి వెళ్లి వస్తే చాలు.

చూసిన ప్రతిసారీ రెండు మూడు మాటలు రాసిపెట్టుకోండి: ‘పొద్దున బాగుంది, కిటికీ గోడ దగ్గర మురికి’, ‘దీపం కింద గులాబీ’. మూడు రోజుల తర్వాత ఈ ముక్కలే తీర్పు చెబుతాయి.

ఏడవ మెట్టు: దీపాల కింద ప్రత్యేకంగా పరీక్షించండి

పగటి వెలుతురులో ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు కుదిరిన రెండు రంగులు దీపం కింద విడిపోవడం ఉంది. రెండు వేర్వేరు వర్ణకాల మిశ్రమాలు ఒక వెలుతురులో కంటికి ఒకే రంగుగా తోచినా, ఆ వెలుతురులోని పాళ్లు మారగానే వాటి అసలు తేడా బయటపడుతుంది. గోడ రంగును పరదా గుడ్డకో, అలమారా పైపూతకో సరిగ్గా కలపాలని చూసేవారికి ఇది తరచుగా ఎదురయ్యే చిక్కు. గుడ్డకు అద్దిన వర్ణకాలు, ఎమల్షన్‌లో కలిపినవి వేర్వేరు కాబట్టి పగలూ రాత్రీ కూడా కుదిరే జోడీ దొరకడం కష్టం. అటువంటప్పుడు అచ్చంగా కలపడానికి తంటాలు పడేకంటే, ఉద్దేశపూర్వకంగా రెండు మెట్లు లేతగానో ముదురుగానో వేయడం తెలివైన పని.

దీపాలను మందగించి కూర్చునే అలవాటుంటే ఆ వెలుతురులోనూ చూడాలి. బాగా మసక వెలుతురులో ఎరుపులు నల్లబడి, నీలాలు, ఆకుపచ్చలు వాటితో పోలిస్తే తేటగా కనిపిస్తాయని 19వ శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే గుర్తించాడు. పగలు వెచ్చగా పిలిచే ముదురు ఇటుకరంగు గోడ, రాత్రి చిన్న దీపం ఒక్కటే వెలుగుతున్నప్పుడు నల్లని గోడలా మారడంలో దీని పాత్ర ఉంది.

ఎనిమిదవ మెట్టు: మెరుపును కూడా రంగులో భాగంగానే చూడండి

ఒకే కోడు రంగు మెరుపు లేని మ్యాట్‌లో ఒకలా, ఓ మోస్తరు మెరుపున్న శాటిన్‌లో ఒకలా, బాగా మెరిసే గ్లాసీ పూతలో ఒకలా ఉంటుంది. మ్యాట్ పూత పడిన వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది కాబట్టి రంగు కొంచెం లేతగా, మెత్తగా కనిపిస్తుంది, గోడలోని ఎత్తుపల్లాలు మరుగునపడతాయి. మెరుపు పెరిగేకొద్దీ రంగు లోతుగా, ముదురుగా అనిపిస్తుంది, కానీ కిటికీ ఎదురుగా తెల్లని మెరుపు మచ్చలు పడతాయి, పుట్టీ సరిగా పట్టని చోట్లన్నీ పట్టుబడతాయి. మెరుపు పూతలను సాధారణంగా తుడవడం తేలిక గనుక పిల్లల చేతులు తగిలే చోట్లకు, వంటగదికి శాటిన్ మంచిది. నమూనా పలకను చివరికి వాడబోయే మెరుపులోనే వేయాలి. నమూనాల కోసం అమ్మే చిన్న డబ్బాలు తరచుగా ఒకే మెరుపులో వస్తాయి. అటువంటప్పుడు రంగు విషయంలో పలకను నమ్మినా, మెరుపు విషయంలో నమ్మకండి.

తొమ్మిదవ మెట్టు: సీలింగు, తలుపులు

సీలింగు మీద పడేది చాలావరకు నేల నుంచి, గోడల నుంచి ఎగసిన వెలుతురే కాబట్టి, గోడకు వేసిన తెలుపునే దానికీ వేస్తే ఒక వాసి ముదురుగా కనిపిస్తుంది. అక్కడ మరింత తేట తెలుపు వాడటం రివాజు. తలుపులకు నూనె ఆధారిత తెల్ల ఎనామిల్ వేయిస్తుంటే, అది ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా వెలుతురు తగలని చోట, పసుపుబారుతుందని తెలుసుకుని గోడ తెలుపును ఎంచుకోండి. నీటి ఆధారిత ఎనామిల్‌తో ఈ బెడద తక్కువ.

పదవ మెట్టు: తేల్చుకోవడం, తెప్పించడం

రెండు పలకలు మిగిలి ఏదీ తేలకపోతే ఇంట్లోవారందరి చేతా విడివిడిగా చూపించండి, ఒకరి అభిప్రాయం ఒకరికి చెప్పకుండా. ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. వయసు పెరిగేకొద్దీ కంటి కటకం పసుపుబారి నీలాలు మసకగా తోస్తాయి; ఎరుపు, ఆకుపచ్చ తేడాలు సరిగా తెలియనివారు మగవారిలో గణనీయంగానే ఉంటారు. ‘ఇది ఆకుపచ్చ ఎలా అవుతుంది?’ అని ఒకరు పట్టుబడితే వాదించనక్కరలేదు, వారికి నిజంగానే అలా కనిపిస్తుండవచ్చు. ఆ గదిలో ఎక్కువ సేపు గడిపేవారి కంటికే ఓటు వేయడం న్యాయం.

కొనేటప్పుడు పేరుతో పాటు కోడు, ఏ రకం ఎమల్షన్, ఏ మెరుపు అన్నవి పలక వెనుక రాసుకున్నట్టే చెప్పండి. ఒక కంపెనీ రంగును మరో కంపెనీ డబ్బాలో కలిపించుకుంటే వచ్చేది దగ్గరి పోలికే తప్ప అదే రంగు కాదు. అలా కలిపిస్తే దానితో కొత్త పలక వేసి ఆరవ మెట్టు నుంచి మళ్లీ చూడాలి. గాఢమైన ఎరుపులు, పసుపులు అడుగు రంగును సరిగా కప్పలేవు కాబట్టి, వాటికి అదనపు కోట్లో, అడుగున తగిన ఛాయ కలిపిన ప్రైమరో అవసరమవుతుందని ముందే పెయింటర్‌తో మాట్లాడుకోండి. గది మొత్తానికి కావలసిన డబ్బాలన్నీ ఒకేసారి కలిపించి, వేసే ముందు పెద్ద బకెట్లో అన్నింటినీ కలగలపండి. విడివిడిగా కలిపిన డబ్బాల మధ్య సూక్ష్మమైన తేడా ఉంటే అది గోడ మధ్యలో గీతలా కనిపించకుండా పోతుంది. మిగిలినదాన్ని గట్టిగా మూత బిగించి, కోడు రాసి, తర్వాత పడే మచ్చలు సరిదిద్దడానికి దాచండి.

పని మొదలయ్యాక మొదటి కోటు చూసి కంగారుపడి పెయింటర్‌ను ఆపవద్దు. అప్పటికి ఒక గోడ తడిగా, ఒకటి సగం ఆరి, మరొకటి పాత రంగుతోనే ఉంటుంది. నేల మీద పరిచిన పాత గుడ్డల రంగు కూడా గోడల మీదకు ఎగసి ఉంటుంది. రెండో కోటు ఆరి, గుడ్డలు తీసి, పరదాలు తిరిగి కట్టిన మర్నాడు పలకను గోడకు ఆనించి చూస్తే, రెండూ ఒకటేనో కాదో అప్పుడు తెలుస్తుంది.